దేవుడుండాడు, పో

నర్సు శిక్షణకు కొత్తగా చేరిన అమ్మాయిలు కొందరు మొన్న మా ఇంటికి వచ్చారు. కాఫీ ఇచ్చాను. తాగి, కొంగులు సర్దుకుని, "అమ్మా, మీ సర్వీసులో దేవుడు చేసిన అద్భుతం ఒకటి చెప్పండి, మా ప్రార్థన కూటంలో చెప్పుకుంటాం" అన్నారు. నేను చూసినవి అద్భుతాలు కావని చెప్పాను. వాళ్ళ మొహాలు చిన్నబోయాయి. వాళ్ళలో ఒకమ్మాయి, మంచి పిల్లే, "అయితే కష్టకాలంలో మిమ్మల్ని నిలబెట్టింది ఏమిటమ్మా?" అని అడిగింది. నేను నిలబడ్డానని నీకెవరు చెప్పారు అన్నాను. గ్లాసులు కడిగిపెట్టి పోయారు.

వాళ్ళు పోయారు గానీ ఆ ప్రశ్న పోలేదు. అందుకే వాళ్ళకే ఇది రాస్తున్నాను.

నేను మద్రాసులో బి.ఏ. చదివి, ఆ తరువాత నర్సు పని నేర్చుకున్నదాన్ని. "డిగ్రీ చదివింది ఊళ్ళోవాళ్ళ పిల్లల పీతిగుడ్డలు ఉతకడానికా?" అని మా నాయన చాలా కాలం నాతో మాట్లాడలేదు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. పని అదే. ఆదోనిలో ఒక మిషన్ ఆసుపత్రి పిల్లల వార్డులో చేరి, అక్కడే తల నెరిసి, మేట్రనుగా బయటికి వచ్చాను. మేట్రను ఎట్లా అయ్యానంటే, నాకు ముందున్నావిడ పెళ్ళి చేసుకుని పోయింది. అంతకు మించిన ఘనత లేదు కాబట్టి ఆ సంగతులు వదిలేస్తాను. యాభైల మొదట్లో వచ్చిన కరువులో ఏం జరిగిందో మాత్రం చెబుతాను. ఈ పని అంటే ఏమిటో నాకు తెలిసింది అప్పుడే.

అన్నం తిన్నాక

ఎమ్మిగనూరులో మా ఆసుపత్రికి ఒక చిన్న డిస్పెన్సరీ ఉండేది. వారానికొకసారి డాక్టరుగారూ నేనూ బస్సులో పోయేవాళ్ళం. డాక్టరుగారు కోస్తా మనిషి. భక్తిపరుడు, వైద్యంలో చెయ్యి మంచిది, కోపం లేదు. అవతలివాడు చెప్పేది పూర్తిగా వినే అలవాటూ లేదు.

నూలు దొరక్క ఎమ్మిగనూరులో మగ్గాలు ఆగిపోయిన రోజులవి. నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంటలో పిల్లలను పడుకోబెట్టేవాళ్ళు. ఇంట్లో చల్లగా ఉండే చోటు అదొక్కటే. తిమ్మప్ప అనే నేతగాడు ముందు వారం జ్వరమని వచ్చి మాత్రలు తీసుకుపోయాడు. ఈ వారం ఆ పొట్లం అట్లాగే తిరిగి తెచ్చాడు. ఒక్క మాత్ర కూడా తగ్గలేదు.

"మందు ఇచ్చేది దాచుకోవడానికి కాదయ్యా" అన్నారు డాక్టరుగారు విసుగ్గా.

"ఏసుకుందామనే ఉంటి సామీ. అన్నం తిన్నాక ఏసుకోమంటిరి గదా."

"అవును. అయితే?"

"ఇంకా తినలే."

వేళాకోళం కాదు. గంజి తాగాడట, బలుసాకు ఉడకబెట్టుకుని తిన్నాడట. అన్నం మాత్రం తినలేదు. తింటే వేసుకుందామని పొట్లం దూలంలో దోపి, రోజూ దాన్ని చూస్తూ ఉన్నాడు. డాక్టరుగారు ఆదోని వచ్చేదాకా బస్సు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

ఆ తరువాత నేను "పొద్దు పుట్టినాక ఒకటి, పొద్దు గుంకినాక ఒకటి" అని చెప్పడం మొదలుపెట్టాను. ఆ ఏడాది తప్పకుండా వచ్చేది, పోయేది పొద్దొక్కటే. మీరు రోగికి ఒక మాట చెప్పేముందు, ఆ మాట వాళ్ళ ఇంటికి పోయి ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించుకోండి. ఇది ఏ పరీక్షలోనూ అడగరు.

గేటు దగ్గరి మాట

మా ఆసుపత్రి బావి ఎండిపోయింది. రైల్వే స్టేషనులో ఇంజన్లకు పట్టే నీళ్ళను బతిమాలి అడిగి, పీపాలకెత్తి ఎద్దులబండి మీద తెచ్చుకునేవాళ్ళం. ఉన్న నీళ్ళకు ఎంతమంది పిల్లలను చూడగలమో అంతమందినే చేర్చుకోవాలని డాక్టరుగారు ఆర్డరు వేశారు. మంచాలు నిండితే గేటు మూసేయాలి. గేటు దగ్గర కావలి బాషా ఉండేవాడు.

మా సీమలో అడుక్కునేవాళ్ళను పంపించాలంటే లేదు అనరు. ఇంట్లో లేదనే మాట అనకూడదని, "దేవుడుండాడు, పో" అంటారు. బాషా కూడా అదే అనేవాడు. రోగం వచ్చిన పిల్లను భుజాన వేసుకుని హొళగుంద నుంచి ఎండలో నడిచి వచ్చినవాళ్ళతో, "మంచాలు లేవమ్మా. దేవుడుండాడు, పో" అనేవాడు. వాళ్ళు మారు మాట్లాడకుండా పోయేవాళ్ళు. ఎదురు తిరిగి తిట్టినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

అదే సమయంలో లోపల వార్డులో ప్రార్థన జరుగుతుండేది. డాక్టరుగారు రోజూ పొద్దున రౌండుకు ముందు నిలబడి, దేవుడు నమ్మదగినవాడనీ, కొండలు కదిలినా ఆయన కదలడనీ చక్కటి గొంతుతో చెప్పేవారు. ఒకరోజు ఉండబట్టలేక అన్నాను.

"డాక్టరుగారూ, మీకన్నా బాషా ఎక్కువమందికి ప్రసంగం చేస్తున్నాడు. మీరు లోపల దేవుడున్నాడు రండి అంటున్నారు. అతను బయట దేవుడున్నాడు పో అంటున్నాడు. జనం ఎవరి మాట నమ్మాలి?"

ఆయన చేతులు తుడుచుకుంటూ, "పీపాలో నీళ్ళెన్ని ఉన్నాయో మీకూ తెలుసు సిస్టర్. గేటు తెరవమంటే తెరుస్తాను. లోపల ఉన్న పిల్లల్లో ఎవరి నీళ్ళు తగ్గించాలో మీరు చెప్పండి" అన్నారు.

ఆ రోజంతా వార్డులో ఆయాలను కసిరాను.

"ఉండాడు గాబట్టే వచ్చినా"

ఎండాకాలం మధ్యలో ఒక పూట గేటు దగ్గర గొంతులు పెద్దవైతే బయటికి వచ్చాను. ఒక ముసలామె, చేతుల్లో గుడ్డలో చుట్టిన పసిబిడ్డ. వెనకాల ఒక పడుచు, కాళ్ళకు దుమ్ము. కోసిగి దగ్గరి పల్లె నుంచి టిక్కెట్టు లేకుండా రైలెక్కి వచ్చిన కూలివాళ్ళు. ముసలామె పేరు జ్ఞానమ్మ. పడుచు ఆమె కోడలు, సుగుణమ్మ.

బాషా తన మాట తను చెప్పాడు. "మంచాలు లేవవ్వా. దేవుడుండాడు, పో."

"ఉండాడు గాబట్టే వచ్చినా" అంది జ్ఞానమ్మ. "ఆయప్ప ఈడ ఉంటే నన్ను యాడికి పొమ్మంటావప్పా?"

బాషా తడబడ్డాడు. "అట్ల గాదవ్వా. అది ఊరికే సెప్పే మాట."

"సెప్పే మాటైతే నేనూ సెప్తా. దేవుడుండాడు, జరుగు."

బాషా జరిగాడు. నా వైపు తిరిగి, "నేనేం సేసేది సిస్టరమ్మా, మీరే సూస్తిరి గదా" అన్నాడు.

బిడ్డను అక్కడే అరుగు మీద చూశాను. ఆడపిల్ల, ఇంకా పేరు కూడా పెట్టలేదు. విరేచనాలు. మాడు గుంటపడి ఉంది. పొట్టమీద చర్మం పట్టి వదిలితే మడత అట్లాగే నిలబడింది. ఒంట్లో నీళ్ళు లేని బిడ్డకు అట్లా ఉంటుంది. లోపల ఒక తల్లి తన పిల్లాణ్ణి ఒక పక్కకు జరిపి సగం మంచం ఇచ్చింది. డాక్టరుగారు చూసి, పక్క మంచం వైపు తిరిగారు.

సుగుణమ్మకు పాలు ఎండిపోయాయి. మొగుడు బిడ్డ పుట్టకముందే తుంగభద్ర కాలువ తవ్వే పనికి పోయాడు. కబురు లేదు. ఆ రోజే ఆ పనికి మనుషులను ఎక్కించుకుని ఒక లారీ పోతోంది. దాంట్లో పోతే తనకు కూలి దొరుకుతుంది, మొగుడు కనిపిస్తే కనిపిస్తాడు. ఉంటే ఆసుపత్రి గంజిని ఇద్దరు పంచుకోవాలి. అదీ వాళ్ళ లెక్క. దాంట్లో నేను తప్పు పట్టేదేమీ లేదు.

బిడ్డను అత్త చేతిలో పెట్టి గేటు దాకా పోయింది. ఇక్కడ ఎవరూ పోతానని చెప్పి పోరు. పోయొస్తా అంటారు. సుగుణమ్మ ఏమీ అనలేదు.

"పోయొస్తానని అనవే" అంది జ్ఞానమ్మ.

సుగుణమ్మ తల అడ్డంగా ఊపింది. "నీ కొడుకు అట్లనే అని పోయినాడు గదత్తా."

పైట నోటికి అడ్డం పెట్టుకుని లారీ వైపు నడిచింది. పోయొస్తా అన్న తల్లులనే చాలామందిని చూసి ఉన్నాను నేను. వాళ్ళల్లో కొందరి పిల్లలు అప్పటికి ఇంకా మా వార్డులోనే ఉన్నారు. ఆ మాట కూడా అనకుండా పోయిన మనిషి తిరిగి వస్తుందని నేను ఆశ పెట్టుకోలేదు.

ఉగ్గుగిన్నె

జ్ఞానమ్మ నన్ను అడిగింది ఒకటే. "బాగు సెయ్యమనలే తల్లీ. బాగైతే మంచిదే. నా కోడలొచ్చి సూసేదాకా నిలబెట్టు."

అప్పటి నుంచి ఆ వార్డులో నా పని అదే అయింది. కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు, చక్కెర వేసి ఉగ్గుగిన్నెతో ఒక చుక్క పోయడం, మింగిందా లేదా చూడడం, ఆగడం, మళ్ళీ ఒక చుక్క. పసిపిల్లల నర్సు పని చాలావరకు ఆగడమే. తొందరపడితే కక్కుతారు. మాడు మీద ఆముదం పెట్టుకోనివ్వమని జ్ఞానమ్మ అడిగింది. డాక్టరుగారు వద్దన్నారు. దానివల్ల వచ్చే నష్టమేమిటో చెప్పండి అని నేను ఆయనతో వాదించి పెట్టించాను. లాభం లేదని నాకు తెలుసు. ముసలామె చేతికి ఏదో ఒక పని ఉండాలి.

గిన్నె పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నప్పుడు మేమిద్దరం పోట్లాడుకునేవాళ్ళం.

"నీ కోడలు రాకపోతే ఏం చేస్తావవ్వా?"

"రాకపోతే రాకపోయె. మనుసులు గదా, ఆకలైతే పోతారు. దాన్ని నేను తిట్టను."

"మరి ఎవరిని నమ్ముకుని కూర్చున్నావు?"

"పోయొస్తానని అననోణ్ణి."

"ఎవరతను?"

"ఆయప్పే. దేవుడు. ఎప్పుడన్నా పోయొస్తానన్నాడా? పోతే గదా అనేది."

నాకు ఒళ్ళు మండింది. "ఇక్కడే ఉంటే మరి వానలేవి? బావిలో నీళ్ళేవి? ఉండి ఏం చేస్తున్నాడు?"

"అది నాకేం తెలుసు? నా మొగునికి పచ్చవాతమొచ్చి కాళ్ళు సేతులు పడిపాయె. సచ్చేదాకా మంచంలోనే ఉండె. ఏం సేసినాడంటే ఏం సెప్పేది? ఏమీ సెయ్యలే. అయినా ఆయప్ప మంచంలో ఉన్నన్నాళ్ళు నేను తలుపుకు గడియ పెట్టుకోకుండా పడుకున్నా."

పక్క మంచం తల్లి, "నీ మొగుడు, దేవుడు ఒకటేనా అవ్వా?" అని నవ్వింది.

"ఒకటెట్లయితారే? ఆయప్ప గురక పెడతాండె."

వార్డంతా నవ్వింది. ఆ నెలలో మా వార్డులో నవ్వు వినపడింది అప్పుడేనేమో. పచ్చవాతం వచ్చిన దేవుడి సంగతి డాక్టరుగారికి చెబితే ఆయన మొహం మాడ్చుకుని, ఆ సిద్ధాంతం సరైంది కాదన్నారు. మీ సిద్ధాంతం సరైందే గానీ దాంతో ఎవరూ గడియ తీసి పడుకోవడం లేదు అన్నాను.

ఒకరోజు బిడ్డ ఉచ్చ పోసింది. ముసలామె కొంగు తడిసింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు అర్థం కాదు గానీ, ఆ తడి చూసి మేమంతా పండగలా సంతోషించాం. ఒంట్లో నీళ్ళు నిలుస్తున్నాయని అర్థం. అప్పటి నుంచి నేను కూడా, మనసులో ఒప్పుకోకపోయినా, గేటు వైపు చూడడం మొదలుపెట్టాను. కాలువ పని నుంచి వచ్చే లారీల చప్పుడు వింటే లేచి కిటికీ దగ్గరికి పోయేదాన్ని. సుగుణమ్మ దిగేది కాదు.

మళ్ళీ విరేచనాలు పట్టుకున్నాయి. ఈసారి ఉగ్గుగిన్నెకు అందలేదు. సూది పెట్టడానికి నరం దొరకలేదు. మిట్టమధ్యాహ్నం, అవ్వ ఒళ్ళో, బిడ్డ తన చేతిలో ఉన్న నా వేలు వదిలేసింది.

ఎవరి తప్పూ లేదు. తప్పు ఎవరిదో ఒకరిదైతే వినేవాళ్ళకు బాగుంటుంది. ఆ రోజు నీళ్ళ బండి వచ్చింది, మందు ఉంది, డాక్టరుగారు పక్కనే ఉన్నారు, నేను చేయాల్సింది చేశాను. అయినా పోయింది. ఈ పనికి వచ్చేవాళ్ళు ఇది ముందే తెలుసుకోవాలి. అన్నీ సరిగ్గా చేసినా పోతారు.

నేల ఎండి రాయిలా ఉంది. అంత చిన్న గుంతకు గడ్డపారలు పట్టాల్సి వచ్చింది.

నిన్న సెప్పిందే సెప్పు

మరుసటి పొద్దున ప్రార్థనకు డాక్టరుగారు వచ్చి నిలబడ్డారు. పుస్తకం తెరవలేదు. ఆ వారంలో పోయింది ఆ బిడ్డ ఒక్కతే కాదు. ఖాళీ అయిన సగం మంచం మీద జ్ఞానమ్మ కూర్చుని ఉంది.

"ఏమయ్యా డాక్టరూ, ఈ పొద్దు సెప్పవా?" అంది.

"ఏం చెప్పమంటావవ్వా?" అన్నారు ఆయన. ఆయన ఎవరినైనా నిజంగా ప్రశ్న అడగడం నేను వినడం అదే మొదలు.

"నిన్న సెప్పిందే సెప్పు. నిన్న ఉన్నోడు ఈ పొద్దు యాడికి పోతాడు?"

డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని రౌండుకు పోయారు. ఆ రోజు ప్రార్థన అంతే. నేనైతే ఆ నెలల్లో ప్రార్థన చేయలేదు. అందరితో పాటు కళ్ళు మూసుకునేదాన్ని. నిద్ర ముంచుకొచ్చేది.

రోగి లేకపోతే తోడు మనిషి ఉండకూడదు, అది ఆసుపత్రి నియమం. జ్ఞానమ్మను పంపించమని డాక్టరుగారు నాకు చెప్పారు. నేను బాషాకు చెప్పాను.

"నా వల్ల గాదమ్మా" అన్నాడు బాషా. "ఆయమ్మకు ఆ మాట ఒకసారి సెప్పి మాట పడినా. మీరే సెప్పుకోండి."

నేనే పోయి చెప్పాను. "అవ్వా, బిడ్డ పోయింది గదా. ఇక ఊరికి పో."

"నా కోడలు ఈడికే గదమ్మా వచ్చేది" అంది. "వచ్చినపుడు ఈడ ఎవురూ లేకపోతే దానికి మీరేం సెప్తారు? బాషా సెప్తాడు, దేవుడుండాడు పో అని."

ఆమె వరండాలోకి మారింది. పాత దుప్పట్లు చింపి పసిపిల్లల గుడ్డలు మడతపెడుతూ అక్కడే ఉండిపోయింది. డాక్టరుగారు రోజూ ఆమెను దాటుకుంటూ పోయేవారు. నియమం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ వరండా వైపు చూడడం నాకు ఇష్టం ఉండేది కాదు. ఎదురుచూడడానికి ఏం మిగిలిందని? బిడ్డ లేదు. కొడుకు కబురు లేదు. వాన లేదు. వచ్చే మనిషి, వస్తే, వినడానికి వచ్చేది ఒక చావు కబురు. దానికోసం ఒక ముసలామె గేటు వైపు తిరిగి కూర్చుని గుడ్డలు మడతపెడుతోంది. పిచ్చి అనుకున్నాను. రెండు మూడుసార్లు ఆమె మొహం మీదే అన్నాను. "పిచ్చే తల్లీ" అంది ఆమె. "నీకేమన్నా అడ్డమొస్తాండానా?"

ఉండావా

వానలు పడ్డాయా అని మీరు అడుగుతారు. పడలేదు. దుమ్ము లేచిన ఒక సాయంత్రం పూట సుగుణమ్మ గేటులోంచి నడిచి వచ్చింది. కట్టుకున్న చీర రంగు తెలియడం లేదు. చంకలో జొన్నల మూట. బాషా అడ్డం పోలేదు. ఆమె వరండా ముందుకు వచ్చి ఆగి, అత్త ఒడి వైపు చూసింది. ఒళ్ళో మడతపెట్టిన గుడ్డలున్నాయి. చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

సుగుణమ్మ అంది, "నువ్వు ఉండావా అత్తా."

"ఉండాను. రా."

సుగుణమ్మ మూట దించి, ఆమె మోకాళ్ళ మీద తల పెట్టి అప్పుడు ఏడ్చింది. ఏడవడానికి ఆ మోకాళ్ళు ఉన్నాయి. నేను వరండా గుమ్మంలో నిలబడి, ఆ ముసలామె లేకుండా ఉంటే ఈ మనిషి ఎక్కడ తల పెట్టేది, ఏ గేటును పట్టుకుని ఏడ్చేది అని చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి జ్ఞానమ్మ అడిగింది, "వాడు కనపడినాడా?" సుగుణమ్మ తల అడ్డంగా ఊపింది. అప్పుడు ముసలామె కూడా ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మర్నాడు పొద్దున బిడ్డను పెట్టిన చోటు చూపించాను. తరువాత ఇద్దరూ కోసిగికి బయలుదేరారు. గేటు దగ్గర జ్ఞానమ్మ ఆగి, "పోయొస్తామప్పా బాషా" అంది.

బాషాకు అలవాటైన మాటే నోటికి వచ్చింది. "దేవుడుండాడు," అన్నాడు. తరువాతి మాట దగ్గర ఆగిపోయాడు. గేటు తెరిచి పట్టుకుని, "పోయి రాండి" అన్నాడు.

వాళ్ళు మళ్ళీ రాలేదు. రావాలని నేనూ కోరుకోలేదు. ఆసుపత్రికి రావడం ఏమంత శుభం?

కాబట్టి అమ్మాయీ, ఆ రోజు నువ్వు అడిగినదానికి నా జవాబు ఇది. నన్ను ఏదీ నిలబెట్టలేదు. ఆ కరువులో వార్డు నుంచి బయటికి మోసిన పిల్లల్లో ఒక్కరికి కూడా నా దగ్గర సమాధానం లేదు. దేవుడు అప్పుడు ఏం చేస్తున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. మీ కూటంలో ఎవరైనా తెలుసునంటే వాళ్ళను కొంచెం అనుమానంగా చూడు. నాకు తెలిసిన పని ఒకటే. బిడ్డ పోయిన తల్లి దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటాను. ఆమె తలెత్తి చూస్తే, ఉన్నాను అంటాను. అంతకు మించి ఏమీ అనను. అది నేను జ్ఞానమ్మ దగ్గర నేర్చుకున్నది.

ఆయప్ప ఎక్కడికీ పోలేదని ఆమె అనేది. నేను ఒప్పుకున్నానని ఎవరితోనూ చెప్పకు. ఒప్పుకోలేదు. ఉద్యోగం వదిలి వచ్చాక కూడా, పొద్దున లేచి ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని, ఆ బిడ్డ సంగతి ఎత్తి ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను. ఒక్కోసారి గొంతు పెద్దదై పక్కింటివాళ్ళు తొంగి చూస్తారు. ఎవరితోనమ్మా అని అడుగుతారు.

పోయినవాళ్ళతో ఎవరూ పోట్లాడరు గదా.